జుట్టు లేని జట్టు

“ఏందీ? చైనా క్రిస్టియనా?”

ఓబులమ్మ వేసిన కేకకు పక్క షెడ్డులో ఉలుల చప్పుడు ఆగిపోయింది. ఆళ్ళగడ్డలో శిల్పాల షెడ్డు పక్కనే కాపురం ఉండేవాళ్ళకు గొంతు దానంతటదే పెద్దదవుతుంది. ఆ షెడ్డు ఆమె కొడుకు రాజశేఖర్‌దే. ఇంకా కండ్లు తెరవని నరసింహస్వామికి గోళ్ళు చెక్కుతున్న పనివాళ్ళు ఉలి కింద పెట్టి, చెవి గోడకు పెట్టినారు.

ఫోనుకు అవతల నంద్యాలలో చెన్నకేశవులు. ఓబులమ్మ కోడలు నాగజ్యోతికి సొంత అన్న. వయసు నలభై దాటింది, పెండ్లి మాట ఆయనే దాటేసినాడు. బస్టాండు దగ్గర కాలిన మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగు షాపు. పొద్దస్తమానం హోరులో ఉంటాడు గనక ఆయనా అరిచే మాట్లాడతాడు. అటు అరుపు, ఇటు అరుపు. మధ్యలో మాట మాత్రం అరకొర.

“క్రెస్టెడ్ అత్తా, క్రెస్టెడ్! చైనీస్ క్రెస్టెడ్. ఆడది. సున్నిపెంట నుంచి తెచ్చుకున్న్యా. ఇంట్లోనే పెట్టుకుంటాండా.”

“ఇంట్లోనే పెట్టుకుంటాండావా!”

“బయటుంటే ఎండకు తట్టుకోల్యాదత్తా. ఒంటి మీద ఏమీ లేదు గదా, పాపం.”

ఓబులమ్మ ఫోను మంచం మీద పారేసి రెండు చేతులతో చెవులు మూసుకుంది. మూసుకున్నవి ఆమె చెవులే. గోడ అవతల చెవులన్నీ తెరిచే ఉన్నాయి. పొద్దుగూకేలోపల ఊర్లో సగానికి తెలిసిపోయింది: నాగజ్యోతి అన్న చైనా క్రిస్టియనమ్మను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు, ఆయమ్మ బట్టలు కట్టదు.

నాగజ్యోతి అన్నకు ఫోను చేసింది. తాను ఏడుస్తాందో నవ్వుతాందో ఆమెకే తెలియలేదు.

“ఏమన్నా, చేసుకుంటే చేసుకుంటివి. నాకు ఒక మాట చెప్పకూడదా? ఆయమ్మకు తెలుగొస్తాదా?”

“కుక్కకు తెలుగేందే, పిచ్చిదానా?”

నాగజ్యోతి నవ్వు ఫోను దాటి వినపడింది. ఆమె అత్తకు చెప్పింది, మొగునికి చెప్పింది, షెడ్డులో వాళ్ళకు కూడా చెప్పింది. “కుక్కా? అంతేనా!” అని పనివాళ్ళు దిగులుగా ఉలులు అందుకున్నారు.

ఓబులమ్మ అసలు ఫోను చేసింది వేరే పనికి. నాగజ్యోతికి పెండ్లయిన చాలా ఏండ్లకు పుట్టిన కొడుకు కిరణ్. వాని పుట్టెంట్రుకలకు ముహూర్తం పెట్టినారు. బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, మొదటి కత్తెర మేనమామే వేయాలి. అమ్మా నాయనా పోయినాక చెన్నకేశవులుకు నా అన్నవాళ్ళు ఎవరంటే ఆ చెల్లెలు, ఆ బుడ్డోడు. ఆ ఒళ్ళో ఆ బరువు కోసం ఆయన వాడు పుట్టిన నాటి నుంచి కాచుకొని ఉన్నాడు.

పేరు చెన్నకేశవులు గానీ తలమీద కేశం లేదు, శేషం కూడా లేదు. వయసులో ఉన్నప్పుడే పేనుకొరుకుడు పట్టుకుంది. మొదట రూపాయి బిళ్ళంత, ఆ తర్వాత దోసెంత, చివరికి దోసె పెనమంతా నున్నగా మెరిసింది. మన దేశంలో నున్నటి తలను చూసిన ప్రతి మనిషీ అడిగేది ఒకటే:

“ఏమప్పా, తిరుపతికి పోయొచ్చినావా?”

మొదటిసారి ఎవరో అడిగినప్పుడు కాదని చెప్పబోయి “ఆ” అన్నాడు. ఆ ఒక్క ‘ఆ’తో జాలి తప్పింది, గౌరవం దక్కింది. ఇంక ఆ దారి విడవలేదు. చెల్లెలి పెండ్లి కుదిరితే ఇస్తానని మొక్కుకున్నా అన్నాడు. వానలు పడితే ఇస్తానన్నాడు. చెల్లెలి కడుపు పండితే ఇస్తానన్నాడు. ఆళ్ళగడ్డ దృష్టిలో ఆయన పరమభక్తుడు. అసలు సంగతి తెలిసింది నాగజ్యోతికీ, నంద్యాలలో ఎదురింటి యాకోబుకూ మాత్రమే.

యాకోబు రిటైరైన హిందీ సారు. ఆదివారం చర్చిలో హార్మోనియం, మిగతా దినాలు వాకిట్లో క్యారమ్ బోర్డు. “మాకీ సౌకర్యం లేదప్పా,” అనేవాడు స్ట్రైకరు గురిపెడతా. “నాకు ఊడితే ఊడిందనే చెప్పుకోవాల. నీకైతే చెప్పుకోడానికి ఏడు కొండలుండాయి.”

అట్లాంటి బతుకులోకి నున్ని అనే ఈ కుక్క వచ్చింది.

సున్నిపెంటలో డ్యాము క్వార్టర్సుకు నీళ్ళెక్కించే మోటారు కాలిపోతే చుట్టడానికి పోయినాడు చెన్నకేశవులు. అక్కడ ఒక ఇంజనీరు బదిలీ మీద పోతున్నాడు. బెంగుళూరులో ముచ్చటపడి కొన్న కుక్కను ఎవరికిద్దామా అని చూస్తున్నాడు, ఎవరూ ముట్టుకోవడం లేదు. తలమీద తెల్లటి కుచ్చు, తోక చివర ఒక కుచ్చు, నాలుగు కాళ్ళకు మేజోళ్ళు తొడిగినట్టు రవ్వంత బొచ్చు. మిగతా ఒళ్ళంతా ఉత్త చర్మమే. బూడిద మచ్చలు. ముట్టుకుంటే అప్పుడే దించిన పాలగిన్నె మాదిరి వెచ్చగా ఉంది. చెన్నకేశవులు టోపీ తీసి చెమట తుడుచుకుంటుంటే అది వచ్చి, ఒళ్ళోకెక్కి, గుండును ఒకసారి నాకింది. నాకింది గుండునే. తగిలింది మాత్రం గుండెకు.

“నువ్వు ఎవరికి మొక్కినావే?” అనడిగినాడు.

అది ఏ సంజాయిషీ చెప్పకుండా ఆవలించింది. ఆ ఆవలింత చూసి చెన్నకేశవులుకు సిగ్గేసింది. ఇన్నేండ్లలో తనకు ఒక్కసారి కూడా అట్లా ఆవలించాలని తోచలేదు.

ఇంటికి తెచ్చుకున్నాక ఆయన సాయంత్రాలు మారిపోయినాయి. అంతకు ముందు మిద్దె మీద గులాబీ కుండీలు, యాకోబు వాకిట్లో క్యారమ్, అంతే. ఇప్పుడు అమ్మ కుట్టుమిషను దుమ్ము దులిపి పాత లుంగీలతో నున్నికి బనియన్లు కుట్టడం మొదలుపెట్టినాడు. రాగితీగ చుట్టిన చేతికి దారం ఒక లెక్కా? నాలుగు కాళ్ళ మనిషికి చేతులెన్ని పెట్టాలనేదే లెక్క. మొదటి బనియను వేసుకొని నున్ని తిరగబడిన తాబేలు మాదిరి పడిపోయింది. రెండోదాంట్లో నడిచింది. మూడోదాంట్లో క్యారమ్ బోర్డు కింద పడుకొని, పైనుంచి రాలే పౌడరంతా వీపు మీద పోసుకుంది. బొచ్చు రాలదు, పేలుండవు, దువ్వే పని లేదు. చిక్కుల్లేని కుక్క దొరికిందని మురిసిపోయినాడు.

చిక్కులన్నీ వీధిలో ఉన్నాయి. పక్కింటి కొండమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వాకిట్లో నిలబడింది.

“గజ్జికుక్కను తెచ్చి వీధిలో తిప్పుతాండావే, మా పిల్లోల్లకు అంటుకుంటే ఎవురప్పా జవాబుదారీ?”

“గజ్జి కాదు కొండమ్మక్కా. ఆ జాతే అంత.”

“గజ్జి లేకపోతే బొచ్చెందుకు లేదు?”

గజ్జి లేని నాకెందుకు లేదు అనే మాట చెన్నకేశవులు నాలుక చివరి దాకా వచ్చింది. మింగినాడు. మునిసిపాలిటీకి ఫోను చేస్తాం, బండొచ్చి ఎత్తుకపోతాదని కొండమ్మ చెప్పిన మాట మాత్రం మింగుడుపడలేదు.

అంతలో నంద్యాల ఎండలు ముదిరినాయి. నున్ని వీపు కందిపోయింది. ఎండలో తిప్పొద్దు, ఒళ్ళు చల్లగా ఉంచమని పశువుల డాక్టరు చెప్పినాడు. ఎట్లా అని చెప్పలేదు. చెన్నకేశవులు అమ్మ సానరాయి తీసి గంధపు చెక్క అరగదీసి, నున్ని ఒళ్ళంతా చందనం పట్టించినాడు. పొద్దువాలినాక తాడు పట్టుకొని బయటికి తెచ్చినాడు.

ముక్కుకు పోబోయిన కొండమ్మ చేతులు మధ్యలోనే ఆగి, మొక్కడానికి లేచినాయి.

“ఎంత మంచి పని చేసినావప్పా! ఏ దేవునికి?”

ఒళ్ళంతా నున్నగా గొరిగి, నడినెత్తిన పిలక వదిలి, పైన చందనం పూసినారు. ఇంతకు మించి రుజువేం కావాలి? తలనీలాలు ఇచ్చొచ్చిన మనిషి ఎట్లుంటాడో ఈ సీమలో పాలు తాగే పిల్లోన్ని అడిగినా చెప్తాడు. చెన్నకేశవులు కాదనబోయినాడు. పక్కనున్న యాకోబు ఆయన కాలు తొక్కి, అవతలికి లాగి చెవిలో చెప్పినాడు.

“ఆ అనప్పా. నీకు అలవాటైన అక్షరమే గదా.”

“అది నా అబద్ధం సార్. దానికెందుకు అంటించేది?”

“బండొస్తే అది నిజం చెప్పుకుంటాదా?”

చెన్నకేశవులు నున్ని వైపు చూసినాడు, వీధి వైపు చూసినాడు.

“ఆ,” అన్నాడు.

ఆ దినం నుంచి చందనం కనపడితే చాలు, వీధంతా వందనం. ఒకాయన నున్ని ముందు అరటిపండు పెట్టి పోయినాడు. కొండమ్మ తన మనవన్ని తెచ్చి దాని వీపు ముట్టించింది. బండి మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ చల్లగా ఉంటే చెన్నకేశవులుకు మాత్రం లోపల మంట. గజ్జి అని తిట్టినప్పుడు కుక్కను కుక్కగానే తిట్టినారు. ఇప్పుడు దండం పెడుతున్నది దానికి కాదు, లేని బొచ్చుకు.

కొండమ్మ అక్క రామసుబ్బమ్మ కాపురం ఆళ్ళగడ్డలో, అదీ ఓబులమ్మ వీధిలోనే. ఆ సంగతి ఆయనకు గుర్తొచ్చేలోపల ఓబులమ్మ ఫోనే వచ్చింది.

“మేనల్లునికి తీయకముందే కుక్కకు తీపిస్తివంటనే!”

“అత్తా, నా మాట విను—”

“విన్యా, శానా విన్యా. నువ్వు భక్తిపరుడివని మా వాళ్ళందరికీ చెప్పుకుంటి. నా మనవడు కుక్క తర్వాత వరసలో నిలబడాల్నా? చెప్తాండా విను. ఆ కుక్క నా గడప తొక్కితే బుడ్డోన్ని నీ ఒళ్ళో పెట్టేది లేదు. కోయిలకుంట్లలో మీ పెదనాయన కొడుకుండాడు. ఆయప్పా వరసకు మేనమామే.”

ఫోను పెట్టేసింది. వినపడేటట్టు పెట్టేయడంలో ఓబులమ్మది గట్టి చెయ్యి.

“ఒక పూట గదప్పా,” అన్నాడు యాకోబు. “నా దగ్గర వదిలిపో. నా పాటలు వింటా పడుకుంటాది.”

“వదిలిపోతే తప్పు చేసిందని ఒప్పుకున్నట్టే సార్. అదేం తప్పు చేసింది?”

“పుట్టింది. అంతే.”

“నేనూ అంతే చేసినా.”

ఆ సాయంత్రం ఆయన క్యారమ్‌కు పోలేదు. నాయన పట్టుపంచె అంచు కత్తిరించి నున్నికి జరీ బనియను కుట్టినాడు. వీధిలోకి వినపడేటట్టు మిషను తొక్కినాడు.

పుట్టెంట్రుకల దినం యాకోబు పాత కారులో బయలుదేరినారు. ఎండెక్కక ముందే శిరివెళ్ళ దాటినారు. వెనక సీట్లో నున్ని జరీ అంచుతో, చందనంతో, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. యాకోబు దారి పొడుగునా ఏవేవో పాటలు కూనిరాగం తీసినాడు. చెన్నకేశవులు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడే మనిషి మాట్లాడకపోతే కారు కూడా భయపడి మెల్లగా పోయింది.

ఆళ్ళగడ్డలో ఆ పూట ఉలులకు సెలవు. సగం చెక్కిన దేవుళ్ళ పక్కన షామియానా, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల మీద తెల్లటి రాతిదుమ్ము, దుమ్ము మీద చుట్టాలు. మధ్యలో పీట, పీట పక్కన మంగలి, ఆయన ముందు నీళ్ళగిన్నె. నున్ని కారు దిగేసరికి అన్ని తలకాయలూ ఒకేసారి తిరిగినాయి. పిల్లోల్లు గుంపుగా పరిగెత్తినారు. ఓబులమ్మ ప్రహరీ గడపలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆడే నిలబడు.”

చెన్నకేశవులు నిలబడినాడు. నున్ని కూర్చుంది.

“చెప్పప్పా, నలుగురిలో చెప్పు. దీనికి గొరిగించింది నిజమా కాదా?”

“కాదు.”

“మరి నంద్యాలలో ‘ఆ’ అన్నావంట!”

“అన్న్యా. అంటే నోర్లు మూతపడతాయని అన్న్యా. దానికి గొరిగేకి ఏమీ లేదత్తా, పుట్టుకతోనే లేవు. ఆ జాతే అట్లా. చందనం పూసింది ఎండకు, దేవునికి గాదు.”

రాజశేఖర్ ప్రాణం లేచొచ్చినట్టు ముందుకొచ్చినాడు. “అయిపాయ గదమ్మా! బావ ముందు తీపించలేదంట. రా బావా, కూర్చో.”

“ఆగరా,” అంది ఓబులమ్మ. “పుట్టుకతోనే లేవా? అది ఇంకా అధ్వానం. మొక్కుకు తీపిస్తే మళ్ళా మొలుస్తాయి. బొచ్చే మొలవని జీవం పుట్టెంట్రుకల కాడికొచ్చి కూర్చుంటే నా మనవనికి మొలుస్తాయా? బయట కట్టేసి లోపలికి రా.”

కుర్చీల్లో ఎవరో అవునన్నారు. ఇంకెవరో నవ్వినారు. చెన్నకేశవులుకు ఆ క్షణాన దారి చాలా సులభంగా ఉంది. తాడు గుంజకు కట్టి, టోపీ సర్దుకొని, పరమభక్తుడిగా పీట మీద కూర్చుంటే చాలు. బుడ్డోడు చెల్లెలి చంకలో ఉన్నాడు. వాని తలమీద నల్లటి రింగులు, మోటారులో కొత్తగా చుట్టిన తీగ మాదిరి మెరుస్తున్నాయి. నున్ని ఆయన చెప్పు మీద గడ్డం ఆనించింది.

“కట్టేస్తా అత్తా,” అన్నాడు. “తాళ్ళు రెండు తెప్పించు.”

“రెండెందుకు?”

“ఒకటి దానికి. ఒకటి నాకు.”

టోపీ తీసి కుర్చీ మీద పెట్టినాడు. షాపులో అరిచినట్టే అరిచినాడు, షామియానా చివరి వరస దాకా వినపడింది.

“నా తలమీద వెంట్రుక మొలిచి ఇరవై ఏండ్ల పైనాయ. నేను ఏ కొండా ఎక్కలేదు, ఏ కత్తి కిందా కూర్చోలేదు. పేనుకొరుకుడొచ్చింది, పోయినాయి. అంతే కత.”

“నాగజ్యోతి పెండ్లికి ఇచ్చినా అంటివే!”

“ఇచ్చేకి ఒక్కటన్నా ఉంటే గదత్తా!”

“కడుపు పండితే ఇస్తానంటివే!”

“అదీ అంతే. మీరందరూ నా భక్తికి దండం పెడితిరి. పేనుకొరుకుడుకు పెడతారో లేదో నాకు తెల్దు. పెట్టకపోయినా పర్వాలేదు. ఇంకమీద ఎవురడిగినా నేను ‘ఆ’ అనను. దానికి లేవు, నాకు లేవు. మాది జుట్టు లేని జట్టు. ఇద్దరం లోపలికొస్తాం, లేకపోతే ఇద్దరం బయటుంటాం. ఈ బోడోని ఒడి పనికొస్తాదో రాదో నువ్వే చెప్పు.”

ఓబులమ్మ కోయిలకుంట్ల పెదనాయన కొడుకును పిలవమని చేత్తో సైగ చేసింది. ఆయన చొక్కా సర్దుకుంటా లేచినాడు. చెన్నకేశవులు ఎవరి వైపూ చూడకుండా “రాపో నున్నీ” అని తాడు చేతికి చుట్టుకున్నాడు.

“అన్నా, కూర్చో.”

నాగజ్యోతి. బుడ్డోన్ని చంకన వేసుకొని పీట దగ్గరికి వచ్చేసింది.

“వద్దులేమ్మా జ్యోతీ, నీ సంసారం—”

“కూర్చోమంటి గదా!”

అన్న గొంతే ఆమెకూ వచ్చింది, ఆ పూట అందరికీ తెలిసింది. చెన్నకేశవులు నున్నితో పాటు లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె బిడ్డను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి అత్త వైపు తిరిగింది.

“అత్తా, వీనికి మొలిస్తే మొలుస్తాయి. మొలవకపోతే మా అన్న మాదిరి ఉంటాడు. ఏం, మా అన్నకేం తక్కువ? నాయన పోయినాక నన్ను సాకింది ఆ బోడితలే. నువ్వు నాకు ఇష్టమైన అత్తవు, నీ మాట ఎప్పుడూ తీసెయ్యలేదు. ఈ ఒక్కటి తీసేస్తాండా.”

లేచి నిలబడిన కోయిలకుంట్ల అన్న మెల్లగా మళ్ళీ కూర్చుంటూ నడినెత్తి తడుముకున్నాడు.

“నాక్కూడా ఈడ పల్చబడతాంది అత్తా. నన్ను పిలిచి లాభం లేదు, మళ్ళా నాతోనూ ఇదే పంచాయితీ.”

మొదట యాకోబు నవ్వినాడు. ఆ తర్వాత రాజశేఖర్. ఆ తర్వాత బట్టతలలన్నీ నవ్వినాయి, కుర్చీల్లో అవి తక్కువేం లేవు.

“ఏందో తేల్చండప్పా,” అన్నాడు మంగలి. “నీళ్ళు సల్లారతాండాయి.”

రాజశేఖర్ కత్తెర అందించినాడు. చెన్నకేశవులు మొదటి రింగు పట్టుకున్నాడు. అది ఆయన వేలికి చుట్టుకుంది. కత్తిరించినాడు. బుడ్డోడు ఊరంతా వినపడేటట్టు ఏడుపు అందుకున్నాడు. వాని కాళ్ళు వెతుక్కుంటా పోయి నున్ని వెచ్చటి వీపు మీద ఆనినాయి. ఏడుపు ఆగలేదు గానీ కాళ్ళు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. మంగలి కత్తి తీసి తన పని తాను చేసుకుపోయినాడు.

తలంతా అయినాక చందనం పూసేది నాయనమ్మ పని. ఓబులమ్మ గిన్నె పట్టుకొని వచ్చింది. మనవని తలకు మందంగా, సమంగా పట్టించింది. ఆమె చెన్నకేశవులు మొహం వైపు చూడలేదు. చూపు కింద ఉన్న నున్ని మీద పడింది. జరీ బనియను జారిన చోట, కారు ప్రయాణానికి దాని వీపు చందనం పెచ్చులుగా ఊడిపోతాంది.

“దీనికెవురు పూసింది?”

“నేనే అత్తా.”

“ఇట్లనేనా గంధం తీసేది? నీళ్ళు పోసి పోసి మజ్జిగ చేసినావు. ఎండలో ఎట్ల నిలుస్తాదది?”

గిన్నె అడుగున మిగిలింది వేళ్ళతో తీసి, మొహం అటు తిప్పుకొని, నున్ని వీపుకు రాసింది. ముట్టుకున్న చెయ్యి టక్కున వెనక్కి తీసుకుంది. “ఏందీ, ఇంత వెచ్చగా ఉండాది!” అని మళ్ళీ పెట్టింది.

సరిగ్గా అప్పుడు వీధి చివర నుంచి రామసుబ్బమ్మ వచ్చింది. చేతిలో టెంకాయ, మొహంలో భక్తి.

“యాడుందమ్మా మొక్కు కుక్క? మా కొండమ్మ చెప్పింది, కండ్లారా చూసి పోదామనొచ్చినా.”

ఓబులమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని లేచి నిలబడింది. ఆమె గొంతు గోడ దాటి, షెడ్డు దాటి, రోడ్డు మీద పోయే బస్సులో వాళ్ళకు కూడా అందింది.

“మొక్కూ లేదు, తిక్కా లేదు! అందరూ వినండి, ఇంకొకసారి చెప్పను. దానికి పుట్టుకతోనే లేవు. ఆ జాతే అంత. చందనం ఎండకు పూసింది. మా కేశవులుకు పేనుకొరుకుడుతో పోయినాయి. ఏ దేవునికీ ఇయ్యలేదు, ఆయప్పే చెప్పినాడు. మా బుడ్డోనికి మాత్రం ఇప్పుడే తీపిచ్చినాం, అవి దేవునివే. ముగ్గురివీ గుండ్లే గానీ మూడు గుండ్లకూ మూడు కతలు. ఎవురికన్నా ఇంకా ఏమన్నా అడిగేదుంటే నన్నడగండి, ఆయప్పను గాదు. ఇంక లేయండి, అన్నాలు సల్లారతాండాయి.”